పారెయ్ బావా, కొత్తది కొను

ఈ మాట మీరూ అనే ఉంటారు. ఊర్నుంచి ఫోనొస్తుంది. అవతల బావో, మేనమామో, చిన్ననాటి దోస్తో. "కంప్యూటర్ మస్తు స్లో అయింది, ఏం జెయ్యాలె?" అని అడుగుతారు. మనమేమో మీటింగులో ఉంటాం. మ్యూట్ నొక్కి, "ఎప్పటిది అది? 2012దా? ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నావా? పారెయ్ బావా, కొత్తది కొను" అనేసి ఫోను పెట్టేస్తాం. మనకి పది సెకన్ల పని. అవతలివాళ్ళకి నలభై వేల ఖర్చు.

మా బావకి ఈ సలహా నేను మూడేళ్ళలో కనీసం నాలుగుసార్లు ఇచ్చాను. ఆయన నాలుగుసార్లూ సరేనన్నాడు, ఒక్కసారీ కొనలేదు. నా మాట వినకపోవడం వల్ల ఆయనకి ఎంత మేలు జరిగిందో తెలిశాక నాకు కొంచెం సిగ్గేసింది. ఆ సిగ్గు నేనొక్కడినే ఎందుకు పడాలి, మన ఫీల్డు వాళ్ళందరికీ తలా కాస్త పంచుదామని ఇది రాస్తున్నా :)

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఊళ్ళల్లో "ఇక పనికిరాదు" అని మనం తీర్పు చెప్పేస్తున్న డెస్క్‌టాపుల్లో చాలావాటికి అడ్డం పడుతున్నది ఒక్క హార్డ్ డిస్కే. మిగతా డబ్బా అంతా నిక్షేపంగా ఉంటుంది. పోనీ ఆ డిస్కయినా నెమ్మదించిందా అంటే అదీ లేదు. కొన్న రోజు నిమిషానికి ఎన్నిసార్లు తిరిగిందో ఇవాళా అన్నిసార్లే తిరుగుతోంది. దాని నెత్తిన మోయలేని బరువు పెట్టింది మనం, అంటే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. బరువు పెట్టేదీ మనమే, మోయలేకపోతోంది కాబట్టి పారెయ్ అని సలహా ఇచ్చేదీ మనమే. ఇదెక్కడి న్యాయమయ్యా అని అడగాల్సినవాళ్ళకి అసలు సంగతి తెలీదు, కాబట్టి అడగరు.

మాది మరిపెడ. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి మహబూబాబాద్ జిల్లా. (నా నోటికి మాత్రం ఇంకా వరంగల్ అనే వస్తుంది.) వరంగల్ - ఖమ్మం రోడ్డు మీద తిరిగినవాళ్ళకి మరిపెడ బంగ్లా అంటే చప్పున గుర్తొస్తుంది. ఆ బంగ్లా దగ్గరే, రోడ్డుకి కాస్త లోపలగా మా బావ షాపు. జిరాక్స్, ఆన్‌లైన్, డీటీపీ, పాస్‌పోర్ట్ ఫోటోలు అని బోర్డు మీద నాలుగు రంగుల్లో ఉంటుంది. చుట్టుపక్కల తండాల నుంచి, పల్లెల నుంచి వచ్చేవాళ్ళే గిరాకీ. భూమి కాగితం ప్రింటు కావాలన్నా (2025 ఏప్రిల్ దాకా ధరణి, ఆ తర్వాత భూభారతి), ఇంటర్ పిల్లల ఎంట్రన్సు దరఖాస్తులు నింపాలన్నా, పెళ్ళి కార్డు కొట్టించాలన్నా అక్కడికే. ఇంత వ్యాపారానికీ ఆధారం ఒకే ఒక్క డెస్క్‌టాప్. 2012 మొదట్లో బావా నేనూ కలిసి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి విడి భాగాలుగా కొని బిగించుకొచ్చింది. ఇంటెల్ ఐ3-2120, హెచ్61 బోర్డు, 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. తర్వాతెప్పుడో ఇంకో 2 జీబీ ర్యామ్ పెట్టాం.

ఆ రోజు డిస్కు ధర విని బావ అదిరిపడ్డం నాకింకా గుర్తుంది. 2011 అక్టోబర్‌లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి హార్డ్ డిస్కుల ఫ్యాక్టరీలు మునిగిపోయాయి. ప్రపంచానికి కావాల్సిన డిస్కుల్లో పెద్ద వాటా అక్కడే తయారయ్యేది. దాంతో ధరలు రెట్టింపు. బ్యాంకాక్ పక్కన వరదొస్తే మరిపెడలో జిరాక్స్ షాపు బడ్జెట్ తలకిందులైంది! "గిదేం లెక్కరా బామ్మర్దీ, ఆడ వానపడితే నాకు ముసురా" అన్నాడు బావ. వరద సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

2025 దసరాకి ఇంటికెళ్ళాను. ఆ ఏడు దసరా, గాంధీ జయంతి ఒకేరోజు పడ్డాయి కదా. ముక్కా లేదు, చుక్కా లేదు. ఏం చెయ్యాలో తోచక షాపుకెళ్ళి కూర్చున్నా. పండగ ముందు రోజుల్లో కూడా నలుగురైదుగురు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. బావ స్విచ్ వేశాడు. అంతలో కరెంటు పోయి వచ్చింది, యూపీఎస్ ఎప్పుడో చచ్చింది, మళ్ళీ మొదట్నుంచి. ఊరికే సరదాకి ఫోన్లో టైమర్ పెట్టాను. స్విచ్ వేసినప్పట్నుంచి బ్రౌజర్లో మొదటి పేజీ కనిపించేదాకా 6 నిమిషాల 50 సెకన్లు. ఈ లోపల బావ రెండుసార్లు "అయితాంది, అయితాంది" అన్నాడు. ఒకాయన లేచి చాయ్ తాగడానికి పోయాడు. ఒక ముసలమ్మ మాత్రం కదలకుండా స్క్రీన్ మీద గుండ్రంగా తిరుగుతున్న చుక్కల్ని చూస్తూ కూర్చుంది.

టాస్క్ మేనేజర్ తెరిచి చూశా. సీపీయూ 7 శాతం. డిస్కు 100 శాతం. ఎంతసేపు చూసినా 100 శాతమే, కిందికి దిగదు. అంటే ఐ3 ప్రాసెసర్ కాళ్ళు చాపుకుని కూర్చుంది, పాపం డిస్కు ఒక్కటే చెమటోడుస్తోంది. ఇది చూడ్డానికి ఇంజనీరే కానక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే చాలు. మూడేళ్ళలో నాలుగుసార్లు సలహా ఇచ్చిన నేను ఒక్కసారీ "ఆ మూడు మీటలు నొక్కి ఏముందో చదువు బావా" అని అడగలేదు.

మీకు తెలిసిన లెక్కే, అయినా ఒకసారి వేద్దాం. హార్డ్ డిస్కు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 120. ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క చేతి కిందకి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 పైచిలుకు. ఆ చెయ్యి సరైన వరసకి జరగడానికి ఇంకో 8 - 9. మొత్తం 12, 13 మిల్లీసెకన్లు. సెకనుకి ఎనభై ముక్కలు దాటవు. ఒక్కో ముక్క 4 కేబీ అనుకుంటే, అక్కడొకటి ఇక్కడొకటి చదవాల్సొచ్చినప్పుడు ఆ డిస్కు వేగం సెకనుకి 320 కేబీ! అదే డిస్కు ఒకే పెద్ద ఫైలుని వరసగా చదివితే సెకనుకి వంద ఎంబీ సునాయాసంగా ఇస్తుంది. డిస్కు నెమ్మది అని గంపగుత్తగా అనకూడదు. దాన్ని తహసీల్ ఆఫీసు బీరువా అనుకోండి. ఒక కట్ట మొత్తం దించమంటే ఒక్కసారిలో దించుతారు. ఎనభై కట్టల్లోంచి ఒక్కో కాగితం లాగమంటేనే అటెండరు నడుం విరిగేది. ఈ లోపు 3.3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఒక్కో కాగితం కోసం నాలుగు కోట్ల క్లాక్ సైకిళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది.

ఇది మొదట్నుంచీ ఉన్న తంటానే. 1956లో ఐబీఎం వాళ్ళ మొట్టమొదటి హార్డ్ డిస్కులో 24 అంగుళాల పళ్ళేలు యాభై ఉండేవి, ఒక ముక్క వెతకడానికి సుమారు 600 మిల్లీసెకన్లు పట్టేది. అప్పట్నుంచి మన 12 మిల్లీసెకన్ల దాకా చూసుకుంటే అరవై ఏళ్ళలో యాభై రెట్లు మెరుగైంది. అదే కాలంలో ప్రాసెసర్లు ఎన్ని రెట్లు పెరిగాయో చెప్పడానికి సున్నాలు చాలవు. తిరిగే వస్తువుని అంతకంటే ఉరికించలేం. ఈ సంగతి పాతతరం ప్రోగ్రామర్లకి బాగా తెలుసు. అందుకే డిస్కు దగ్గరికి వెళ్ళాలంటే జంకేవాళ్ళు, వెళ్ళినప్పుడు ఒకేసారి అన్నీ పట్టుకొచ్చేవాళ్ళు.

మరి మనం? మన ల్యాప్‌టాపుల్లో ఎస్సెస్డీలొచ్చాయి, ఆ తర్వాత ఎన్వీఎంఈలొచ్చాయి. వెతుకులాట మిల్లీసెకనులో పదో వంతుకి, ఇంకా కిందకి పడిపోయింది. ఆ రోజుతో జంకు పోయింది. ఒక అప్డేటర్ వెనక నడుస్తుంది, దాని మీద యాంటీవైరస్, దాని పక్కన ఇండెక్సింగ్, ఎవరేం నొక్కారో హెడ్డాఫీసుకి చేరవేసేది ఇంకొకటి. ప్రింటర్ కొంటే ప్రింటర్ కంపెనీది ఒకటి, స్కానర్ కొంటే స్కానర్ వాళ్ళది ఒకటి. ప్రతివాడూ "మాది లైట్ వెయిట్" అనే అంటాడు. ఒక్కోటి విడిగా లైటే. అన్నీ కలిసి ఆ ఎనభై ముక్కల కోసం కొట్టుకుంటాయి. నిక్లాస్ విర్త్ 1995లోనే సాఫ్ట్‌వేర్ బలుపు గురించి ఒక వ్యాసం రాసి మొత్తుకున్నాడు, హార్డ్‌వేర్ వేగం పుంజుకునే కంటే తొందరగా సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తోందని. పాపం అప్పటికి ఆయన చూసింది ఏపాటి? 2024 జనవరి 1న పోయాడు. మన ఇప్పటి చాట్ అప్లికేషన్లు చూసే పోయుంటాడు.

నీతులు చెప్పడమే కాదు, నా తప్పూ చెప్తాను. కొన్నేళ్ళ క్రితం ఒక క్లయింటు కోసం లాగ్ ఏజెంటు ఒకటి రాశాను. ఒక్క లైను కూడా పోకూడదని ప్రతి లైనుకీ డిస్కుకి ఫ్లష్ చేయించాను. నా మెషిన్లో అసలేం తెలీలేదు. టెస్టింగ్ వాళ్ళ మెషిన్లలోనూ తెలీలేదు, వాళ్ళవీ నాలాంటివే. అది వెళ్ళి క్లయింటు వాళ్ళ మారుమూల బ్రాంచీల్లో తిరిగే డిస్కులున్న డెస్క్‌టాపుల మీద పడింది. "స్లోగా ఉంది" అని టికెట్లొచ్చాయి. మేమేం జవాబిచ్చామో తెలుసా? "హార్డ్‌వేర్ పాతది, అప్‌గ్రేడ్ చేసుకోండి." ఇరవై లైన్లు కలిపి ఒకసారి ఫ్లష్ చేస్తే పోయేదానికి! కోడ్ రివ్యూలో ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. క్లయింటు డబ్బున్నవాడు, మెషిన్లు మార్చుకున్నాడు. మా బావలాంటివాళ్ళు మార్చుకోలేరు.

ఇక్కడ మనవాళ్ళకి ఒక రెడీమేడ్ జవాబుంది. "డెవలపర్ టైం ఖరీదు, హార్డ్‌వేర్ చవక." విని విని చెవులు తుప్పు పట్టాయి. ఎవరి హార్డ్‌వేర్ చవక? సర్వర్ మనదైతే, బిల్లు మనమే కడుతుంటే ఆ మాట చెల్లుతుంది. డబ్బు కట్టేది ఇంకొకడైనప్పుడు అది అత్త సొమ్ము అల్లుడు దానం. షాపులో ఒకసారి కంప్యూటర్ హ్యాంగయ్యి మళ్ళీ వేస్తే ఏడు నిమిషాలు. బెంచీ మీద అయిదుగురుంటే ముప్పై అయిదు నిమిషాలు. అందులో కూలి మానుకుని వచ్చినవాళ్ళుంటారు, మధ్యాహ్నం బస్సు తప్పిపోతే సాయంత్రం దాకా ఆగాల్సినవాళ్ళుంటారు. మన స్ప్రింట్‌లో రెండు రోజులు మిగిల్చినందుకు ఇంతమంది ఇన్ని వేలసార్లు ఆగుతున్నారు. మన లెక్కలో వాళ్ళ టైం విలువ సున్నా. డెవలపర్ టైం ఖరీదు అన్నప్పుడు ఈ సున్నాని కూడా పక్కన రాసుకోవాలి కదా?

అమ్మేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎస్సెస్డీలు మార్కెట్లోకొచ్చి ఏళ్ళు గడిచాక కూడా "1 టీబీ" అని పెద్ద స్టిక్కరేసి తిరిగే డిస్కులున్న ల్యాప్‌టాపులు అమ్మారు. కొనేవాడికి 256 కంటే 1000 పెద్దదిగా కనిపిస్తుంది మరి. బావ నా సలహా విని ఒకసారి ఒక షాపుకి వెళ్ళొచ్చాడట కూడా. 42 వేలు, ఫైనాన్స్ ఉంది, పాతదానికి ఎక్స్ఛేంజ్ 1500 ఇస్తామన్నారట. డిస్కొక్కటి మారిస్తే సరిపోతుందేమో అని అక్కడ ఎవరూ అనలేదు. అనరు, వాళ్ళ వ్యాపారం అది. నేను ఎందుకు అనలేదన్నదే ప్రశ్న.

సరే, ఆ రోజు ఖమ్మం వెళ్ళి సరుకు తెచ్చాం. 240 జీబీ సాటా ఎస్సెస్డీ 1650, అది డబ్బాలో బిగించడానికి బ్రాకెట్ 100, సాటా కేబుల్ 80, వాడేసిన 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ 600, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ 40. మొత్తం 2470 రూపాయలు. (బస్సు చార్జీలు, మిర్చి బజ్జీలు అదనం.) హెచ్61 బోర్డులో సాటా వేగం సెకనుకి 3 గిగాబిట్లే, కొత్త ఎస్సెస్డీ అందులో సగం వేగానికే పరిమితమవుతుంది కదా అని మీలో ఎవరో అనబోతున్నారు, నాకు తెలుసు. అవుతుంది. ఏం ఫర్వాలేదు. మనకి కావలసింది వరసగా చదివే వేగం కాదు, వెతుకులాట తగ్గడం. కట్టల మధ్య తిరిగే అటెండరుకి ఆ బాధ తప్పితే చాలు, వరండా ఎంత వెడల్పుందన్నది తర్వాతి సంగతి.

డబ్బా మూత తీస్తే లోపల పన్నెండు పదమూడేళ్ళ మరిపెడ దుమ్ము. పత్తి నూగుతో కలిసి ఫ్యాను మీద దుప్పటిలా పరుచుకుంది. అక్క చీపురుతో సహా వచ్చింది. అది దులిపాక మొదట చేసింది పాత డిస్కు ఆరోగ్యం చూడ్డం. తిరిగిన గంటలు 31 వేల పైన. చదవలేక పెండింగులో పెట్టిన సెక్టార్లు 38. ఇది చూడగానే నా సరదా అంతా పోయింది. అలాంటి డిస్కుని మామూలుగా కాపీ చెయ్యబోతే, చెడిన చోట పదేపదే గీకి గీకి మొత్తానికే ప్రాణం తీసుకోవచ్చు. లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, గ్నూ డీడీరెస్క్యూతో నా ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఇమేజ్ తీశాం. అది తెలివైన పనివాడు. బాగున్న భాగాలన్నీ ముందు లాగేసి, చెడిన చోట్లు చివరికి వదిలి, అప్పుడు ఒక్కోదాన్నీ బతిమాలుతుంది. బోర్డుకి యూఎస్‌బీ 2 మాత్రమే ఉండడంతో అయిదారు గంటలు పట్టింది. షాపు షట్టర్ సగం దించి ఇంటికి పోయి భోంచేసి వచ్చాం.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఆ డిస్కులో ఉన్నవి సినిమాలు కావు.

2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు పొంగింది. మరిపెడ మండలంలోని సీతారాం తండా మునిగింది. ఆ వార్త మీరూ చూసే ఉంటారు. నీళ్ళు తీశాక మనుషులు వెతుక్కున్నవాటిలో కాగితాలొకటి. పాస్‌పుస్తకాలు, పదో తరగతి మెమోలు, కులం సర్టిఫికెట్లు, అన్నీ బురద ముద్దలు. వాళ్ళలో కొందరు బావ దగ్గరికొచ్చారు. "అన్నా, పోయినేడు నీ దగ్గర్నే జిరాక్స్ తీయించినం, నీ కంప్యూటర్ల ఉందా?" అని. దరఖాస్తుల కోసం స్కాన్ చేసినవి ఆయన ఎప్పుడూ తుడిచెయ్యలేదు. "న్యూ ఫోల్డర్", దాని లోపల ఇంకో "న్యూ ఫోల్డర్", అలా ఏళ్ళ తరబడి పేరుకుపోయాయి. పది నిమిషాలకోసారి హ్యాంగయ్యే ఆ డబ్బాలో వెతికి వెతికి, ఒక అమ్మాయి ఇంటర్ మెమో, ఇద్దరు ముగ్గురి పాస్‌పుస్తకాల పేజీలు తీసిచ్చాడట. అవి అసలు కాగితాలు కావు, కానీ నంబర్లుంటాయి కదా. నంబరుంటే డూప్లికేట్ కోసం ఆఫీసులో అడగడానికి ఒక ఆధారం. ఈ సంగతి బావ నాకు అప్పటిదాకా చెప్పలేదు. చెప్పేంత టైం నేనెప్పుడిచ్చాను, మ్యూట్ నొక్కి మాట్లాడేవాణ్ణి.

1500 ఎక్స్ఛేంజ్‌కి ఆ డబ్బా ఇచ్చేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఈ కాగితాలన్నీ పోయేవి, అదొకటి. పోకుండా ఇంకెవడి చేతిలోనో పడేవి, అది ఇంకా ఘోరం. వేల మంది ఆధార్లు, వేలిముద్రలున్న దస్తావేజులు, ఫోన్ నంబర్లు. "ఫార్మాట్ కొట్టే ఇస్తాం కదా" అంటారు. క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక పేజీ చింపెయ్యడమే, మిగతా పేజీలన్నీ అలాగే ఉంటాయి. ఈ ముక్క ఊళ్ళో ఎవరికి తెలుసు? పాతది పారెయ్ అని తేలిగ్గా అనే మనం, పారేసే ముందు మొత్తం డిస్కు మీద సున్నాలు రాయాలని ఏనాడన్నా చెప్పామా? నిజానికి ఇతరుల కాగితాలు అలా దాచుకోవడమే తప్పు. బావకి అదీ చెప్పాను. "దాయకపోతే ఆ పిల్లకు మెమో నంబర్ యాడికెల్లి తెచ్చేటోన్ని?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికైతే ఆ ఫోల్డర్లన్నీ పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్ట్ చేసిన వేరే డిస్కులోకి మార్చాం. దాచమంటారా, తుడిచెయ్యమంటారా అని ఇక నుంచి అడిగి చెయ్యమన్నాను.

తర్వాతి పని సులువే. ఎస్సెస్డీ బిగించి, విండోస్ 10 కొత్తగా ఎక్కించాం. లైసెన్సు పోతుందేమోనని బావ భయం. 2016లో ఉచితంగా వచ్చిన ఆ అప్‌గ్రేడ్ లైసెన్సు బోర్డుకి ముడిపడి ఉంటుంది, డిస్కు మార్చినా పోదు. (అన్నట్టు, బుద్ధిగా నడుస్తున్న విండోస్ 7 తీసేసి, ఉచితం కదా అని 10 ఎక్కించి ఆ డిస్కు నడ్డి విరిచింది ఎవరనుకున్నారు? నేనే.) స్విచ్ వేశాం. మళ్ళీ టైమర్. బ్రౌజర్లో పేజీ కనిపించేసరికి 41 సెకన్లు. బావ నమ్మలేదు. ఆపి మళ్ళీ వెయ్యమన్నాడు. మూడుసార్లు వేశాం.

ఇక్కడితో శుభం కార్డు వెయ్యడానికి లేదు. సరిగ్గా ఆ తర్వాత పన్నెండు రోజులకి, 2025 అక్టోబర్ 14న, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. బావది రెండో తరం. 41 సెకన్లలో లేచి కూర్చుంటున్న మెషిన్‌ని కాగితం మీద ముసలిదని కొట్టేశారు. సెక్యూరిటీ కోసం అంటారు. ఆ వాదనని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. టీపీఎం, సెక్యూర్ బూట్ ఉత్తి మాటలు కావు. జనం ఆధార్లు, డబ్బులు తిరిగే చోట ప్యాచ్‌లు రాని సిస్టమ్ పెట్టుకోవడం నిజంగానే ప్రమాదం. కానీ ఎలుకల బాధకి ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, ప్యాచ్‌లు ఇవ్వం కాబట్టి మెషిన్నే పారెయ్ అనడం ఏం పద్ధతి? గొడవయ్యాక మామూలు వినియోగదారులకి 2026 అక్టోబర్ 13 దాకా అదనపు సెక్యూరిటీ అప్డేట్లు ఇస్తామన్నారు. బావ మెషిన్‌ని అందులో చేర్పించాను. అంటే ప్యాచ్‌లు తయారవుతూనే ఉన్నాయి, ఆ పాత ప్రాసెసర్ మీద పనిచేస్తూనే ఉన్నాయి. మరి ఆగిపోయింది దేనివల్ల?

"లినక్స్ ఎక్కించొచ్చుగా" అనేవాళ్ళకి ఒక దండం. నేనూ మొదట అదే అన్నాను. బావ పెళ్ళికార్డులు కొట్టేది పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. పదేళ్ళ కార్డులన్నీ ఆ ఎన్‌కోడింగ్‌లోనే ఉన్నాయి, యూనికోడ్‌లో పెడితే రోడ్డు మీద ప్రెస్సువాడు తీసుకోడు. వేలిముద్ర మెషిన్‌కి డ్రైవర్ విండోస్‌కే ఇచ్చారు. ఇంట్లో పిల్లల చదువుకో, బ్రౌజింగుకో అయితే లినక్స్ హాయిగా చాలు, మా అక్క కూతురి పాత ల్యాప్‌టాప్‌లో అదే పెట్టాను. షాపుకి మాత్రం కుదరలేదు. ఇది బావ మొండితనం కాదు. ఆ డ్రైవర్లు రాయాల్సింది, ఆ ఫాంట్లని యూనికోడ్‌కి మోసుకురావాల్సింది మళ్ళీ మన ఫీల్డు వాళ్ళే.

ప్రతి పాత డబ్బాకీ ఎస్సెస్డీ మందు అని కూడా నేననను. వెడల్పాటి రిబ్బను కేబుళ్ళున్న పెంటియం 4 కాలం నాటివాటి మీద డబ్బు పెట్టడం దండగ. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉంటే ముట్టుకోవద్దు. "2 టీబీ ఎస్సెస్డీ 900 రూపాయలకే" అని ఆన్‌లైన్లో కనిపిస్తే అది దొంగ సరుకు. ఎస్సెస్డీ చచ్చేముందు తిరిగే డిస్కులా టిక్కుటిక్కుమని హెచ్చరించదు, చెప్పాపెట్టకుండా పోతుంది, కాబట్టి బ్యాకప్ తప్పదు. అయినా సరే, రెండో తరం ఇంటెల్ నుంచి ఇటువైపు ఏ డెస్క్‌టాప్ గురించి ఫోనొచ్చినా ముందు ఆ మూడు మీటలు నొక్కించండి. డిస్కు 100, సీపీయూ 7 అని వస్తే మీ సలహా మార్చుకోండి. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల ఆకలికి మెమరీ చిప్పుల ధరలు ఎగబాకాయి. ఎక్కడో డేటా సెంటర్ కడితే మరిపెడలో ముసురు, థాయ్‌లాండ్ వరద కథే మళ్ళీ. ఇప్పుడు 1650కి ఆ ఎస్సెస్డీ దొరక్కపోవచ్చు. కొత్త కంప్యూటర్ ధర మాత్రం అంతకంటే ఎక్కువే పెరుగుతుంది, ఆ చిప్పులే అందులోనూ ఉంటాయి కదా.

తిరిగొచ్చే రోజు పొద్దున్న బస్సెక్కే ముందు షాపు దగ్గర ఆగాను. ఆ ముసలమ్మే మళ్ళీ వచ్చింది, ఇంకేదో కాగితం కోసం. బావ రెండు మీటలు నొక్కాడు, ప్రింటు బయటికొచ్చింది. ఆవిడ బెంచీ మీద సరిగ్గా కూర్చోనే లేదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "గప్పుడే అయిందా? సక్కగ జూడు బిడ్డా" అంది అనుమానంగా. బావ నవ్వి, పాత డిస్కుని పెట్టిన సొరుగు తెరిచి చూపించాడు. "గిదమ్మా, ఇన్నొద్దులు నిన్ను కూసోబెట్టింది."

నేను మాత్రం కిమ్మనకుండా బస్సెక్కాను.